మునసబు కోర్టు మెట్టు నుండి అడ్వకేట్ జనరల్ పీఠము వరకు
(న్యాయవాది విద్యాభ్యాసము, తొలి వృత్తి జీవితము – ఒక పరిశీలన)

పీఠిక

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల విద్యార్థిని "చదువు ముగిసిన పిదప నీవేమి కాదలచితివి?" అని ప్రశ్నించినచో డాక్టరు, ఇంజనీరు, ఉపాధ్యాయుడు అను సమాధానములు వెంటనే వచ్చును. న్యాయవాది అను మాట అరుదుగా వినవచ్చును. రాష్ట్ర ప్రభుత్వము పక్షమున హైకోర్టులో నిలిచి వాదించు అడ్వకేట్ జనరల్ కావలెనని కోరు విద్యార్థి మరింత అరుదు. ఇట్లగుటకు కారణము తెలివి లేకపోవుట కాదు, కోరిక లేకపోవుటయు కాదు. మూడు సందేహములు మన విద్యార్థులను వెనుకకు లాగుచున్నవి. తెలుగు మాధ్యమముననో ఉర్దూ మాధ్యమముననో చదివిన వానికి ఇంగ్లీషు కోర్టులో స్థానమెక్కడిది అనునది మొదటి సందేహము. తండ్రి తాతలలో వకీలు లేనివానికి ఈ వృత్తి అబ్బునా అనునది రెండవది. చిన్న ఊరి కోర్టులో ఆరంభించినవాడు చిన్న ఊరిలోనే ఆగిపోవును గదా అనునది మూడవది.

ఈ సందేహములు నిజమైనవి కనుక వీనిని తేలికగా త్రోసివేయరాదు. రాష్ట్ర స్థాయికి ఎదిగిన న్యాయవాదులు తమ యౌవనమున ఏమి చదివిరి, ఎవరి వద్ద శుశ్రూష చేసిరి, తొలి సంవత్సరములను ఎట్లు గడిపిరి అను విషయములను పరిశీలించినచో వీనికి సమాధానము దొరకును. మన తెలుగు నేల నుండి ముగ్గురి జీవితములను తీసికొని, వారి తొలి దశను మాత్రమే ఈ వ్యాసమున విచారింతము. వారు పొందిన పదవుల వైభవము మనకిక్కడ ప్రధానము కాదు.

అడ్వకేట్ జనరల్ అనగా ఎవరు?

ముందుగా పదవి స్వరూపమును తెలిసికొనుట అవసరము. భారత రాజ్యాంగము 165వ అధికరణము ప్రకారము ప్రతి రాష్ట్రమునకు ఒక అడ్వకేట్ జనరల్ ఉండును. ఆయనను గవర్నరు నియమించును. గవర్నరు సమ్మతి ఉన్నంత కాలము ఆయన ఆ పదవిలో కొనసాగును. ప్రభుత్వమునకు న్యాయ విషయములలో సలహా ఇచ్చుట, ప్రభుత్వము అప్పగించిన న్యాయ కార్యములను నెరవేర్చుట ఆయన విధులు. 177వ అధికరణము ఆయనకు శాసనసభలో మాటలాడు హక్కును ఇచ్చినది గాని ఓటు హక్కును ఈయలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షను క్రింద ప్రజోపయోగమునకై ఏర్పడిన ధర్మనిధి దుర్వినియోగమైనప్పుడు దావా వేయగల అధికారము ఆయనకు కలదు. రాష్ట్ర బార్ కౌన్సిలులో ఆయన హోదా రీత్యా సభ్యుడు.

ఈ పదవి స్వాతంత్ర్యానంతరము క్రొత్తగా పుట్టినది కాదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టము 55వ సెక్షను ప్రతి గవర్నరు పాలిత ప్రాంతమునకును ఒక అడ్వకేట్ జనరల్ ఉండవలెనని నిర్దేశించినది. మద్రాసు వంటి ప్రాంతములలో ఆ పదవి అంతకు మునుపే ఉండెను.

ఇక అర్హత మాట. హైకోర్టు న్యాయమూర్తి కాదగిన అర్హత గలవాడే అడ్వకేట్ జనరల్ కాదగును. 217వ అధికరణము ప్రకారము ఆ అర్హత న్యాయాధికారిగా పది సంవత్సరముల అనుభవము, లేదా హైకోర్టు న్యాయవాదిగా పది సంవత్సరముల వృత్తి. రాజ్యాంగము కులమును అడుగలేదు, ఊరిని అడుగలేదు, చదివిన మాధ్యమమును అడుగలేదు. పది సంవత్సరముల పనిని మాత్రము అడిగినది. కావున ఆ పదేండ్లలో ఏమి జరుగవలెను అనునదే అసలు ప్రశ్న.

అల్లాడి కృష్ణస్వామి అయ్యరు: పురోహితుని కుమారుడు

తెలుగువారిలో అడ్వకేట్ జనరల్ పదవికి మిక్కిలి వన్నె తెచ్చినవారు సర్ అల్లాడి కృష్ణస్వామి అయ్యరు. ఆయన 1883 మే 14వ తేదీన నెల్లూరు జిల్లా పుదూరు గ్రామమున జన్మించిరి. తండ్రి ఏకామ్రశాస్త్రి పౌరోహిత్యము చేసికొని జీవించువారు. ఇంట వకీళ్లు లేరు, ధనము లేదు. 1899లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులై మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరి చరిత్రను అభ్యసించిరి. తీరిక వేళలలో న్యాయశాస్త్ర తరగతులకు హాజరై బి.ఎల్. పట్టమును పొందిరి.

ఇక్కడ విద్యార్థులు గమనింపవలసిన అంశము ఒకటి కలదు. ఆయన మొదట చదివినది చరిత్ర. చట్టము అనునది ఆకాశము నుండి ఊడిపడిన సూత్రముల మూట కాదు; ఒక కాలమున ఒక అవసరమునకై మనుష్యులు చేసికొనిన ఏర్పాటు. ఆ కాలమును ఎరిగినవాడే ఆ చట్టమును చక్కగా వ్యాఖ్యానింపగలడు. కళా విభాగమున చదువుచు "మా చదువునకు విలువ లేదు" అని కుములు విద్యార్థులు ఈ సంగతిని మనసున నిలుపుకొనవలెను.

పట్టము రాగానే ఆయన పెద్ద వకీలు కాలేదు. పి.ఆర్. సుందర అయ్యరు అను ప్రసిద్ధ న్యాయవాది వద్ద శిష్యరికము చేసిరి. ఆ కాలమున శిష్యరికమనగా పెద్ద వకీలుగారి గదిలో కూర్చుండి కాగితముల కట్టలను చదువుట, తీర్పుల సంపుటములను గాలించుట, దావా సారాంశమును వ్రాసి చూపుట, వ్రాసినదానిని గురువుగారు కొట్టివేయగా మరల వ్రాయుట. అల్లాడివారికి తరువాతి కాలమున దక్కిన ప్రతిష్ఠకు పునాది ఈ చదువరితనమే.

1929లో ఆయన మద్రాసు రాష్ట్రమునకు అడ్వకేట్ జనరల్ అయి 1944 వరకు, అనగా 15 సంవత్సరములు, ఆ పదవిలో ఉండిరి. 1932లో సర్ బిరుదము లభించెను. పిదప రాజ్యాంగ సభ సభ్యులై, రాజ్యాంగ ముసాయిదా సంఘములోని ఏడుగురిలో ఒకరైరి. తనకంటె సమర్థులైన అల్లాడివారి వంటివారుండగా తనను ఆ సంఘమునకు అధ్యక్షునిగా ఎన్నుకొనుట తనకే ఆశ్చర్యము కలిగించినదని డాక్టర్ అంబేద్కర్ 1949 నవంబరు 25వ తేదీన రాజ్యాంగ సభలో ప్రకటించిరి. పుదూరు పురోహితుని కుమారునకు దక్కిన గౌరవమది. 1953 అక్టోబరు 3న ఆయన కీర్తిశేషులైరి.

నిజాం రాష్ట్రమున వకాలత్

అల్లాడివారు నడచిన మార్గము ఇంగ్లీషు కోర్టులది. మన ప్రాంతపు మార్గము వేరు. కామారెడ్డి, ఎల్లారెడ్డి నాడు నిజామాబాదు జిల్లాలోనివి. హైదరాబాదు సంస్థానమున భాగములు. అచట అదాలత్ భాష ఉర్దూ. అర్జీ ఉర్దూలో, వాఙ్మూలము ఉర్దూలో, ఫైసలా ఉర్దూలో. పొలము గట్టు తగాదాతో వచ్చిన రైతు తెలుగులో చెప్పుకొనిన గోడును వకీలు ఉర్దూలోనికి మార్చి వ్రాయవలసియుండెను. కనుక మన ప్రాంతపు వకీలు మొదటి నుండియు రెండు భాషల నడుమ వంతెన వంటివాడు.

వకీళ్లలో దర్జాలుండెడివి. పరీక్షను బట్టి, దర్జాను బట్టి ఎవరు ఏ కోర్టులో వాదింపవచ్చునో నిర్ణయింపబడెడిది. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనా భాష ఉర్దూ. అంతకు ముందటి సంవత్సరముననే ఏర్పడిన దారుల్ తర్జుమా అను అనువాద సంస్థ ఇంగ్లీషు గ్రంథములను ఉర్దూలోనికి మార్చుచుండెను. న్యాయశాస్త్రము సైతము ఆ భాషలోనే బోధింపబడెడిది. భారతీయ భాషలో ఉన్నత శాస్త్రములను బోధింపవచ్చునని చేసి చూపిన గొప్ప ప్రయోగమది.

ఆ కాలపు ముద్ర నేటికిని మన తెలుగులో నిలిచియున్నది. వకీలు, వకాల్తా, ఫిర్యాదు, జామీను, దస్తావేజు, నకలు, మిసిలు, పేషీ, తహసీలు, అమీను – ఈ మాటలను మన పల్లెలో చదువురాని వృద్ధురాలు సైతము పలుకును. ఇవి అరబ్బీ, ఫారసీ భాషల నుండి ఉర్దూ ద్వారమున వచ్చి మన తెలుగు ఇంట స్థిరపడిన మాటలు.

అయితే ఆ వ్యవస్థలో తెలుగునకు దక్కిన స్థానము స్వల్పము. 1921 నవంబరులో హైదరాబాదున మహర్షి కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు అను వకీలు తెలుగున ప్రసంగింపబోగా కొందరు సభికులు గేలి చేసి ఆయనను మాటలాడనీయలేదు. ఆ అవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. దానికి పూనుకొనినవారిలో వకీళ్లు ముఖ్యులు. భాషకు జరిగిన అన్యాయమును మొదట గుర్తించినవారు న్యాయవాదులగుట యాదృచ్ఛికము కాదు. కోర్టులో ప్రతిదినము భాష తెలియక నష్టపడు కక్షిదారుని చూచుచుండినవారు వారే.

మాడపాటి హనుమంతరావు: గుమాస్తా నుండి వకీలు

ఆ వకీళ్లలో మాడపాటి హనుమంతరావు పంతులుగారి జీవితము పేద విద్యార్థికి మిక్కిలి దగ్గరిది. 1885లో కృష్ణా జిల్లా ఎర్రుపాలెమున జన్మించి, బాల్యముననే తండ్రిని కోల్పోయి, సూర్యాపేటలో మేనమామల యింట పెరిగిరి. అచట ఉర్దూ, ఫారసీ భాషలను అభ్యసించిరి. మెట్రిక్యులేషన్ అనంతరము కళాశాలకు పోవు తాహతు లేక హనుమకొండలో చిన్న ప్రభుత్వోద్యోగమున చేరిరి. కొన్ని సంవత్సరముల పిదప హైదరాబాదునకు వచ్చి ప్రభుత్వ కార్యాలయమున అనువాదకులుగా పని చేసిరి. ఉద్యోగము చేయుచునే వకాలత్ పరీక్షకు చదివి, అందు కృతార్థులై, 1917 ప్రాంతమున వకీలు వృత్తిని చేపట్టిరి. అప్పటికి ఆయన వయస్సు ముప్పది దాటినది.

అనువాదకుని పని న్యాయవాదికి ఎంతటి మంచి పాఠశాలయో ఆలోచింపుడు. ఒక చట్ట వాక్యమును ఒక భాష నుండి వేరొక భాషకు మార్చువాడు అందలి ప్రతి మాటను తూచవలెను. "చేయవలెను" అనునదియు "చేయవచ్చును" అనునదియు ఒక్కటి కాదు. "మరియు" అని వ్రాయవలసిన చోట "లేదా" అని వ్రాసినచో ఒకని ఆస్తి వేరొకనిది కావచ్చును. ఇతరులు చిన్న ఉద్యోగమని చూచిన పనిలో హనుమంతరావుగారు మాటల తూకమును నేర్చుకొనిరి. ఆయనయే ప్రేమ్‌చంద్ కథలను తెలుగు చేసిరి. 1928లో నారాయణగూడలో బాలికలకు తెలుగు పాఠశాలను నెలకొల్పిరి. 1951లో హైదరాబాదు నగరమునకు మేయరైరి. ఉర్దూను ద్వేషించి తెలుగును ప్రేమించినవారు కారు. రెండింటిని సమానముగా ఎరిగి, తెలుగునకు న్యాయము కోరినవారు.

బూర్గుల రామకృష్ణారావు: పడకల్ నుండి పూనా మీదుగా

మూడవవారు బూర్గుల రామకృష్ణారావు. 1899 మార్చి 13న పాలమూరు జిల్లా పడకల్ గ్రామమున జన్మించిరి. హైదరాబాదున ప్రాథమిక, ఉన్నత విద్యలు ముగించి, పూనా ఫెర్గూసన్ కళాశాలలో పట్టభద్రులై, 1923లో బొంబాయి విశ్వవిద్యాలయము నుండి న్యాయశాస్త్ర పట్టమును పొందిరి. మరుసటి సంవత్సరము హైదరాబాదున వృత్తిని ఆరంభించిరి. తెలుగు, ఉర్దూ, ఫారసీ, సంస్కృతము, మరాఠీ, ఇంగ్లీషు భాషలలో ఆయనకు గల ప్రవేశము ప్రసిద్ధము. ఇంగ్లీషులో చట్టము చదివి ఉర్దూలో వాదింపవలసిన స్థితిలో ఈ బహుభాషా పాండిత్యము ఆయనకు ఆయుధమైనది.

ఆయన వద్ద జూనియరుగా పని చేసినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. 1952 నుండి 1956 వరకు రామకృష్ణారావుగారు హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా, అనంతరము కేరళ, ఉత్తరప్రదేశ్ గవర్నరుగా పని చేసిరి. ఆయన శిష్యులు 1991లో భారత ప్రధానమంత్రి అయిరి. పడకల్, వంగర – ఈ రెండు పల్లెల బాలురను కలిపినది ఒక వకీలుగారి గది.

కాలము మారినప్పుడు

1948 తరువాత పరిస్థితి ఒక్కసారిగా మారినది. హైదరాబాదు సంస్థానము భారత దేశమున విలీనమైనది. ఉస్మానియాలో ఉర్దూ స్థానమున ఇంగ్లీషు వచ్చినది. 1951 నాటి చట్టము మూలమున కేంద్ర శాసనములు ఈ ప్రాంతమునకు విస్తరించినవి. జీవితమంతయు ఉర్దూలో చట్టము చదివి, ఉర్దూలో వాదించిన వకీళ్లు నడివయసున మరల విద్యార్థులు కావలసివచ్చెను. వారిలో ఇంగ్లీషు పుస్తకములు ముందర వేసికొని క్రొత్తగా ఆరంభించినవారు నిలిచిరి. ఇది భాషకు సంబంధించిన గట్టి పాఠము. ఏ ఒక్క భాషయు వృత్తికి శాశ్వతమైన హామీ కాదు; భాషను నేర్చుకొను శక్తియే హామీ.

1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు హైదరాబాదున ఏర్పడినది. 1961 నాటి అడ్వకేట్స్ చట్టము పాత దర్జాలను తొలగించి దేశమంతటను న్యాయవాదులందరిని ఒక్క తరగతి చేసినది. అనుభవమును బట్టి హైకోర్టు, సుప్రీంకోర్టులు ఇచ్చు సీనియర్ అడ్వకేట్ హోదా మాత్రమే మిగిలినది. ఎల్లారెడ్డి మునసబు కోర్టులో వాదించు వకీలు హైకోర్టులో నిలువరాదను అడ్డు నాటితో తొలగెను. 2019 జనవరి 1న తెలంగాణ రాష్ట్రమునకు ప్రత్యేక హైకోర్టు ఏర్పడినది.

ఈ చరిత్రలో స్త్రీలకు తలుపు ఆలస్యముగా తెరువబడినది. 1923 నాటి చట్టము వచ్చునంతవరకు స్త్రీ అను కారణముచేతనే న్యాయవాద వృత్తిని నిరాకరించుట సాధ్యమయ్యెను. 1978లో కె. అమరేశ్వరి ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు తొలి మహిళా న్యాయమూర్తి అయిరి. 2021 జనవరిలో జస్టిస్ హిమా కోహ్లి తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవిని చేపట్టిరి. మన కళాశాల విద్యార్థినులు ఈ వరుసను ముందుకు నడుపవలసినవారు.

ఉర్దూ, తెలుగు రెండును ఎరిగినవాని బలము

ఇప్పుడు మన ఊరి సంగతికి వత్తము. కామారెడ్డి 2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లా అయినది. ఎల్లారెడ్డి అందు రెవెన్యూ డివిజను కేంద్రము. 2022 జూన్ 2న రాష్ట్రమున క్రొత్త న్యాయ జిల్లాలు ఏర్పడినపుడు కామారెడ్డికి జిల్లా కోర్టు వచ్చినది. జిల్లా జడ్జి ముందర వాదించుటకు నిజామాబాదు వరకు పోవలసిన అవసరము తీరినది. అనగా నేటి యువ న్యాయవాది పెద్ద దావాలను సైతము తన ఊరిలోనే చూచి నేర్చుకొను అవకాశము కలిగినది.

వ్యవసాయము ప్రధానమైన ఈ ప్రాంతమున భూమి తగాదాలు సహజము. ఎల్లారెడ్డి సమీపమున మంజీరపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు వలన నీరు పారిన భూములకు విలువ పెరిగినది. విలువతో పాటు వివాదమును పెరుగును. ఇట్టి వివాదములలో మూలాధారము పాత రికార్డు. సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు తెలుపు సేత్వారు, శిస్తు వసూలు వివరములతో కూడిన వసూల్ బాకీ, ఫైసల్ పట్టీ, భూమి కొలతల చిత్రమైన టిప్పను, 1954–55 నాటి ఖాస్రా పహాణీ – వీనిలో బహుభాగము ఉర్దూలో వ్రాయబడినది. తేదీలు ఫసలీ లెక్కలో ఉండును. ఫసలీ సంవత్సరమునకు 590 కలిపినచో సుమారుగా క్రీస్తు శకము వచ్చును. హైదరాబాదు భూమి శిస్తు చట్టము 1317 ఫసలీ నాటిది, అనగా 1907–08 నాటిది. నెలల పేర్లు ఆజూరు, దై, బహమన్ అని మొదలగును.

2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చి రికార్డు కంప్యూటరులోనికి ఎక్కినది. కాని వివాదము పుట్టినపుడు కోర్టు అడుగునది మూలము నేది అనియే. ఆ మూలము శికస్తా దస్తూరీలో, వంకరలు తిరిగిన ఉర్దూ అక్షరములలో, పసుపు పట్టిన కాగితముపై నున్నది. దానిని చదువగల పెద్దలు తగ్గిపోవుచున్నారు. న్యాయవాది తానే చదువలేనిచో వేరొకడు చదివి చెప్పినదానిని నమ్మవలసియుండును. ఒక్క పేరు తప్పుగా చదువబడినను ఒక కుటుంబము భూమిని కోల్పోవచ్చును. ఉర్దూ చదువగలిగి, తెలుగు రైతుతో తెలుగున మాటలాడగలిగి, ఇంగ్లీషున వాదము వ్రాయగల యువ న్యాయవాది ఈ స్థితిలో ఎంత విలువైనవాడో వేరుగ చెప్పనక్కరలేదు. మన విద్యార్థులు ఏ మాధ్యమమును లోపమని తలపోయుచున్నారో అదియే వారి మూలధనము.

రాజ్యాంగము 348వ అధికరణము ప్రకారము హైకోర్టు భాష ఇంగ్లీషు. కనుక ఇంగ్లీషును నిర్లక్ష్యము చేయుట తగదు. అయినను 2017లో ఉర్దూ రాష్ట్రమంతటను రెండవ అధికార భాష అయినది. 2023 జూన్ నెలలో తెలంగాణ హైకోర్టు ధర్మాసనము ఒక ఆస్తి వివాదమున తెలుగులో తీర్పును వెలువరించినది. తెలుగున చట్టమును స్పష్టముగా వ్రాయగలవారి అవసరము ఇట్లు క్రమముగా పెరుగుచున్నది.

నేటి మార్గము

ఆసక్తి గల విద్యార్థులకై మార్గమును సంగ్రహముగా వివరింతును. ఇంటర్మీడియట్ పిదప అయిదేండ్ల న్యాయ విద్య, డిగ్రీ పిదప మూడేండ్ల న్యాయ విద్య అని రెండు దారులు కలవు. రాష్ట్ర కళాశాలలలో ప్రవేశమునకు లాసెట్, హైదరాబాదులోని నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములకు క్లాట్ పరీక్షలు వ్రాయవలెను. ఉస్మానియా న్యాయ కళాశాల మనకు ప్రాచీనమైనది. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయము పరిధిలోను న్యాయ విద్య లభించుచున్నది. పట్టము వచ్చిన పిదప బార్ కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొని, అఖిల భారత బార్ పరీక్షలో ఉత్తీర్ణులు కావలెను.

అటుపిమ్మట అసలు విద్య ఆరంభమగును. మొదటి రెండు మూడు సంవత్సరములు సీనియరు వద్ద జూనియరుగా గడచును. ఆదాయము స్వల్పము, కొందరికి శూన్యము. పేద కుటుంబము నుండి వచ్చినవారు ఎక్కువగా వృత్తిని విడిచిపోవునది ఈ దశలోనే. ప్రతిభ తక్కువై కాదు, ఇంటి అద్దె కట్టలేక. ఈ నిజమును దాచిపెట్టి విద్యార్థులను ప్రోత్సహించుట న్యాయము కాదు. తల్లిదండ్రులు సైతము పట్టము చేతికి రాగానే సంపాదన ఏదని అడుగక, ఈ కాలమును చదువులో భాగముగా ఎంచవలెను.

అనుభవము పెరిగిన కొలది మెట్లు కానవచ్చును. కనీసము ఏడు సంవత్సరముల వృత్తి గలవారు పబ్లిక్ ప్రాసిక్యూటరు కాదగుదురు. ఇది పాత నేర విచారణ స్మృతిలోను, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోను గల నియమము. హైకోర్టులో సహాయ ప్రభుత్వ ప్లీడరు, ప్రభుత్వ ప్లీడరు, అదనపు అడ్వకేట్ జనరల్ అను మెట్లు కలవు. న్యాయాధికారి కాగోరువారికి సైతము 2025 మే నెలలో సుప్రీంకోర్టు మూడు సంవత్సరముల వృత్తి అనుభవమును తప్పనిసరి చేసినది. ఏ దారిన పోయినను చిన్న కోర్టులో గడపిన కాలమును చట్టమే విలువైనదిగా ఎంచుచున్నదని దీనివలన స్పష్టమగుచున్నది.

మునసబు కోర్టులో సాక్షి కన్నులలోనికి చూచి ప్రశ్నించుట నేర్చినవాడు, అమీను నివేదికలోని తప్పును పట్టగలిగినవాడు, గట్టు తగాదా కొరకు స్వయముగా పొలమునకు పోయి చూచినవాడు పై కోర్టులో తొట్రుపడడు. హైకోర్టునకు వచ్చు ప్రతి అప్పీలు ఒకనాడు ఏదో ఒక చిన్న కోర్టులో పుట్టినదే. పుట్టుక తెలిసినవానికి పెరుగుదల తెలియుట కష్టము కాదు.

ముగింపు

ముగ్గురి జీవితములను పోల్చి చూడగా మొదట పేర్కొనిన సందేహములకు సమాధానము దొరకినది. అల్లాడివారి యింట వకీళ్లు లేరు. హనుమంతరావుగారికి కళాశాల విద్య లేదు. రామకృష్ణారావుగారు ఒక భాషలో చదివి వేరొక భాషలో వాదించిరి. వారందరికి ఉమ్మడిగా ఉన్నవి మూడు: ఒకటి కంటె ఎక్కువ భాషలపై అధికారము, గురువు వద్ద గాని కార్యాలయమున గాని ఓర్పుతో చేసిన తొలి యేండ్ల సేవ, కాగితమును తానే చదువు అలవాటు. ఈ మూడును ధనముతో కొనదగినవి కావు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక వినతి. పాత రెవెన్యూ రికార్డులను చదువుట నేర్పు చిన్న తరగతిని, ఉర్దూ తెలిసిన విశ్రాంత ఉద్యోగుల సాయముతో, సెలవు దినములలో నడుపవచ్చును. గ్రంథాలయమున రాజ్యాంగము, సివిల్ ప్రొసీజర్ కోడ్, రాష్ట్ర భూ చట్టములు ఉంచు ఒక బీరువా చాలును. సంవత్సరమునకు ఒకసారి మాదిరి కోర్టును నిర్వహించి, ఒక పక్షము తెలుగులోను వేరొక పక్షము ఉర్దూలోను వాదించునట్లు చేసినచో విద్యార్థుల బెరుకు తీరును. న్యాయ విద్యలో చేరిన పేద పూర్వ విద్యార్థికి తొలి రెండేండ్లు కొద్దిపాటి వేతనము సమకూర్చగలిగినచో అది అన్నిటికంటె మేలైన పని యగును.

విద్యార్థులారా! 1987 నాటి న్యాయ సేవల చట్టము పేదలకు ఉచిత న్యాయ సహాయమును హక్కుగా ఇచ్చినది. కాని ఆ హక్కు ఉన్నదని ఎల్లారెడ్డి పల్లెలోని ఒక వితంతువునకు ఆమె భాషలో చెప్పువాడు కావలెను. ఆమె భర్త పేరున ఉన్న ఖాస్రా పహాణీ నకలును చదువువాడు కావలెను. ఆమె కొరకు కోర్టులో లేచి నిలుచువాడు కావలెను. ఆ పని పదేండ్లు నిజాయితీతో చేసినవారికి రాజ్యాంగము పెట్టిన అర్హత దానంతట అదే సిద్ధించును. పదవి వచ్చినను రాకున్నను ఆ పదేండ్లు వృథా కావు.